మ్యూజియంలో సారాబట్టీ

షార్లెట్ మోటార్ స్పీడ్‌వే పేరులో షార్లెట్ ఉందే గానీ, అది ఉన్నది నార్త్ కరోలైనాలోని మా కాంకర్డ్‌లో, మా ఇంటికి నాలుగు మైళ్ళలో. మే నెలాఖరు ఆదివారం సాయంత్రం వెనక డెక్ మీద కూర్చుని గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీసుకుంటుంటే మోత మొదలవుతుంది. ఎవరో తేనెతుట్టెను కదిపి పారిపోయినట్టు ఉంటుంది. 600 మైళ్ళ కార్ల రేసు అది. పిల్లలు అన్నాలు తిని పడకలు ఎక్కాక కూడా ఆ మోత ఆగదు. పదకొండేళ్ళుగా వింటున్నాం. వినడమే తప్ప ఒక్కసారైనా అటు తొంగి చూడలేదు.

పోయిన చలికాలం, తలా ఒక వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో స్ప్రింగ్ బ్రేక్ కబుర్లు వచ్చాయి. "ఈసారి దూరం వద్దు, ఈ చుట్టుపక్కల రేసు మ్యూజియాలూ పాత ట్రాకులూ చూద్దామనుకుంటున్నాం" అన్నాను. ఒక స్నేహితురాలు పులిహోర వడ్డించుకుంటూ, "అదంతా రెడ్‌నెక్కుల గోల కదే, మనకెందుకు?" అంది. ఇక్కడి పల్లెటూరి తెల్లవాళ్ళను వెక్కిరించే మాట అది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి గిన్నెలు కడుక్కుంటుంటే ఆ నవ్వు గుర్తొచ్చి చిరాకేసింది. ఆమె మీద కాదు. ఆమె నోటితో అన్నది, నేను పదకొండేళ్ళుగా నోరు తెరవకుండా చేస్తున్నది. నయాగరా రెండుసార్లు చూశాం. ఓర్లాండో మూడుసార్లు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామికి లెక్కే లేదు. ఇంటి పక్క మోత ఏమిటో మాత్రం తెలీదు.

ఫార్ములా వన్ అయితే ఇలా అనేవాళ్ళం కాదని కూడా అప్పుడే తట్టింది. దానికోసం ఆస్టిన్ దాకా విమానమెక్కి వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళు నాకు తెలుసు. అదీ కార్లు చుట్టూ తిరగడమే. కాకపోతే దానికి యూరప్ అత్తరు వాసన ఉంది, దీనికి డీజిలు, బార్బెక్యూ వాసన. మన "మనకెందుకు"లో సగం ఆ వాసన గొడవే.

మా నాయనమ్మ చుట్టపుచూపుగా ఏ ఊరెళ్ళినా ముందు ఆ ఊరి పోలేరమ్మకు దణ్ణం పెట్టుకునేది. "మనూరి అమ్మోరు కాదు గదా" అంటే, "ఈ ఊరి నీళ్ళు తాగతన్నాం గదా" అనేది. ఆ లెక్కన మేం పదకొండేళ్ళ బాకీ ఉన్నాం. అలా బయల్దేరాం: నేను, మా ఆయన, పన్నెండేళ్ళ మా పెద్దాడు, ఏడేళ్ళ చిన్నది, ఆరు నెలలకని నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన మా అమ్మ. నాలుగు రోజులు, ఐదొందల మైళ్ళ లోపు, ఒక రైస్ కుక్కర్.

బట్టీ దగ్గర

మొదటిరోజు షార్లెట్ నడిబొడ్డున ఉన్న నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్. నాస్కార్ అంటే ఈ కార్ల రేసులు నడిపే సంస్థ. 2010లో తెరిచారు. లోపలికి వెళ్ళగానే ఒక ఏటవాలు దారి మీద పాతవీ కొత్తవీ కార్లు వరసగా పెట్టారు. దారి మొదట్లో నేల చదునుగా ఉంటుంది. పోనుపోను పక్కకి వంగుతూ చివరికి 33 డిగ్రీలు, అంటే అలబామాలోని టల్లడేగా ట్రాక్ మలుపంత వంపు తిరుగుతుంది. ఆ వంపు మీద మనం నిలబడడమే కష్టం. మా చిన్నది దాని మీద జారుడుబల్ల ఆడబోయి సెక్యూరిటీ చేత చెప్పించుకుంది.

అక్కడి కార్లు, ట్రోఫీలు చూస్తూ అమ్మ మర్యాదకు తల ఊపుతూ వస్తోంది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని నడుస్తున్నదల్లా ఒకచోట ఠక్కున ఆగిపోయింది.

"ఏందే ఇది? సారాబట్టీ గదా?"

అవును, సారాబట్టీయే. రాగి బానా, గొట్టం, పీపా. కరోలైనా కొండల్లో దొంగసారా కాచిన రోజుల గుర్తుగా జూనియర్ జాన్సన్ తన చేత్తో కట్టి ఇచ్చింది. ఈయన 50 రేసులు గెలిచినవాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్న మొదటి ఐదుగురిలో ఒకడు. విల్క్స్ కౌంటీలో వాళ్ళ నాన్న సారా కాసేవాడు, కొడుకు రాత్రిళ్ళు కార్లో పట్నాలకు తోలేవాడు. రోడ్డు మీద పోలీసులకు ఎన్నడూ దొరకలేదు. 1956లో నాన్న బట్టీ దగ్గర, కారు లేకుండా కాలినడకన ఉన్నప్పుడు పట్టుకున్నారు. పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. 1986లో ప్రెసిడెంట్ రీగన్ క్షమాభిక్ష పెట్టాడు.

ఇదంతా నేను అనువదించి చెబుతుంటే అమ్మ మొహం మారుతూ వచ్చింది. చివరి మాట దగ్గర ఆపేసింది.

"ఆయనెవరు క్షమించడానికి? ఆ సారా తాగి చచ్చినోళ్ళ పెళ్ళాల్ని అడిగినాడా?"

మా అమ్మ సంగతి చెప్పకపోతే ఈ ప్రశ్న మీకు మొరటుగా కనిపిస్తుంది. ఆమె పదో తరగతి పాసయ్యింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు మా వీధిలో రాత్రి బడికి వాలంటీరు. అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళే, దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అంగడి మూయించిన కథ చదివి, పలకలు పక్కన పెట్టి సారా అంగళ్ళ మీదికి వెళ్ళారు. 1992లో కలెక్టరాఫీసు దగ్గర సారా వేలంపాటలు ఆపడానికి కూర్చున్నవాళ్ళలో అమ్మ ఒకతి. అప్పుడు నన్నూ చంకనెత్తుకు పోయిందట. అంతకు మూడేళ్ళ ముందే మా పెద్దమామయ్య ముప్పై నాలుగేళ్ళకు సారాతో పోయాడు. అలాంటి మనిషి విమానమెక్కి వచ్చి టికెట్టు కొనుక్కుని లోపలికి వస్తే, దీపాల వెలుగులో సారాబట్టీ కనిపించింది.

మా పెద్దాడు వాదనకు దిగాడు. బడిలో చదివాడు వాడు. "అమ్మమ్మా, వాళ్ళ నేరం సారా కాయడం కాదు, దాని మీద గవర్నమెంటుకి టాక్స్ కట్టకపోవడం" అన్నాడు. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే మాదే ఇంకా ఘోరం. మాకాడ పన్ను కట్టి, వేలం పాడి, పాకెట్లలో పోసి మరీ చంపినారు" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒక మాట మాత్రం చెప్పాలనిపించి చెప్పాను. ఆ కొండల్లో రోడ్లు లేవు, చేతిలో డబ్బు లేదు. పండిన మొక్కజొన్నను బండికెత్తి పట్నం తెస్తే బాడుగ కూడా గిట్టదు. అదే సారా చేస్తే ఒక కారు డిక్కీలో ఇమిడిపోతుంది, ఇంటిల్లిపాదీ బతుకుతుంది. అమ్మ విన్నది. "కష్టమే. కాదనను. కానీ మనూర్లో కాసినోళ్ళూ పేదోళ్ళే" అంది. మా పక్కన ఒక పెద్దాయన, టోపీ మీద 3 అంకె ఉంది, బట్టీ ముందు మనవడిని నిలబెట్టి ఫోటో తీసుకుంటున్నాడు. అమ్మ ఆ పిల్లాడినే చూస్తూ నిలబడింది.

స్టిక్కర్ దీపాలు

ఈ ఆటకు స్టాక్ కార్ రేసింగ్ అని పేరెందుకు వచ్చిందో మా పెద్దాడికి ఆ రోజే అర్థమైంది, ఆ పేరు ఎంత అబద్ధమైపోయిందో కూడా. స్టాక్ అంటే షోరూంలో అమ్మకానికి పెట్టిన కారు. 1949 జూన్ 19న షార్లెట్ మట్టి ట్రాక్ మీద జరిగిన నాస్కార్ తొలి "స్ట్రిక్ట్‌లీ స్టాక్" రేసు నియమం అదే: కొన్న కారును కొన్నట్టే తేవాలి. ఆ రేసులో ముందు వచ్చినవాడు గ్లెన్ డనవే, 1947 మోడల్ ఫోర్డులో. రేసయ్యాక కారు కింద చూస్తే వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయి. అది సారా తోలే కారు. డిక్కీ నిండా సీసాలు పెట్టినా వెనక భాగం కుంగి పోలీసులకు అనుమానం రాకుండా చేసిన ఏర్పాటు. ఆయన్ని పక్కన పెట్టి, లింకన్ కారు నడిపిన జిమ్ రోపర్‌ను విజేత అన్నారు. అంటే ఆ తొలి రేసులోనే సారా గెలిచి ఓడింది.

ఇప్పటి కారు దగ్గర మావాడు వంగి హెడ్‌లైట్లు తడిమాడు. "డాడీ, ఇవి స్టిక్కర్లు!" నిజమే, దీపాలు లేవు, దీపాల బొమ్మలున్నాయి. తలుపులు తెరుచుకోవు, డ్రైవరు కిటికీలోంచి దూరాలి. షోరూం కారుకు దీనికి ఉన్న పోలిక మొహానికి అంటించిన బొమ్మ ఒక్కటే.

మా ఆయన ఇంకొకటి చూపించాడు. 2011 నుంచి ఈ కార్ల పెట్రోల్లో 15 శాతం ఇథనాల్, అంటే సారాలో ఉండే ఆల్కహాలే, అది కూడా మొక్కజొన్నతో చేసింది. అమ్మకు చెబితే మొదటిసారి నవ్వింది. "అయితే ఇప్పుడు కారే తాగతా ఉందా? మంచిది. పెళ్ళాన్ని కొట్టదు."

నా కోపం మాత్రం పెట్రోలు దగ్గరే ఉంది. సీసం కలిపిన పెట్రోలును రోడ్డు మీది కార్లకు ఈ దేశం 1996లో నిషేధించింది. రేసు కార్లకు మినహాయింపు ఇచ్చారు. నాస్కార్ దాన్ని మానింది 2007లో. చుట్టూ ఇళ్ళు, బళ్ళు ఉన్న ట్రాకుల్లో పదకొండేళ్ళు అదనంగా ఆ పొగ వదిలారన్నమాట. దానికి ఆ హాల్లో ఒక మూల కేటాయించి ఉంటే నా కంటపడలేదు. బట్టీకి ఉన్న గౌరవంలో పదో వంతు దీనికీ ఇవ్వాల్సింది.

చదువు మానేసినవాడి విగ్రహం

మర్నాడు పొద్దున కన్నాపొలిస్. మా ఇంటికి ఇరవై నిమిషాలు. కూరగాయలకు ఆ దారిన ఎన్నిసార్లు పోలేదు! ఊరి మధ్య చిన్న పార్కులో డేల్ ఎర్న్‌హార్ట్ కంచు విగ్రహం. హెల్మెట్ లేదు, రేసు బట్టలు లేవు. జీన్స్ ప్యాంటు వేసుకుని, చేతులు కట్టుకుని, మీసాల కింద నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నాస్కార్‌లో ఏడుసార్లు చాంపియన్. బట్టీ దగ్గరి పెద్దాయన టోపీ మీది 3 ఈయన కారు నంబరే. హైస్కూలు పూర్తి చెయ్యలేదు. మన ఇళ్ళలో చదువు మానేసినవాడి పక్కన పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీయడం చిన్న విషయం కాదు. మా ఆయన ఫోటో తీస్తూ, "మరీ ఎక్కువ ఇన్‌స్పైర్ అవకండిరా" అన్నాడు.

కన్నాపొలిస్ అంటే ఒకప్పుడు కానన్ మిల్లు. దుప్పట్లు, తువ్వాళ్ళు. డేల్ వాళ్ళ నాన్న రాల్ఫ్ కూడా ఆ మిల్లులో పని చేసి, అది వదిలి మట్టి ట్రాకుల మీద బతికినవాడే. 2001 ఫిబ్రవరి 18న ఫ్లోరిడాలోని డేటోనా ట్రాక్ మీద ఆఖరి రౌండు ఆఖరి మలుపులో డేల్ గోడకు గుద్దుకుని చనిపోయాడు. రెండేళ్ళకు 2003లో మిల్లు మూతబడింది. ఈ ఊళ్ళో ఒక్కరోజే వేలమంది పని పోగొట్టుకున్నారు. పార్కులో అమ్మ, "మిల్లు యాడ ఉంది?" అని అడిగింది. మిల్లు లేదు. దాని స్థలంలో పరిశోధనా కేంద్రం కట్టారు. మాలాంటి చదువుకున్నవాళ్ళు పనిచేసే రకం భవనం. విగ్రహం దేనికి నిలబెట్టారో నాకు అప్పుడు కాస్త అర్థమైనట్టనిపించింది. అయినా పోయిన మిల్లుకు విగ్రహం కట్టలేక మనిషికి కట్టారు అనుకోవడం నా కవిత్వమే కావచ్చు. విగ్రహం 2002లోనే పెట్టారు, మిల్లు మూతకు ఏడాది ముందు.

డేల్ చావు వృథా పోలేదని మాత్రం చెప్పొచ్చు. అంతకు ముందు ఏడాదిలోనే ముగ్గురు డ్రైవర్లు పోయారు. అయినా మెడను పట్టి ఉంచే పరికరం పెట్టుకోమంటే చాలామంది వినలేదు. డేల్ పోయిన కొన్ని నెలలకు దాన్ని తప్పనిసరి చేశారు. తర్వాత గోడలకు మెత్తని అడ్డుకట్టలు వచ్చాయి. అప్పటినుంచి నాస్కార్ పైస్థాయి రేసుల్లో, అంటే కప్ సిరీస్‌లో, ఒక్క డ్రైవరు ప్రాణం కూడా పోలేదు. చిన్నవాళ్ళు ముగ్గురు పోయినప్పుడు రాని బుద్ధి, పెద్దవాడు పోతేనే వచ్చింది. ఇది మనకూ తెలిసిన కథే.

ఆ మధ్యాహ్నం వెల్కమ్ అనే ఊళ్ళో (నిజంగా ఊరి పేరే అది) ఆయన తోలిన కార్లున్న మ్యూజియం చూశాం. ఎన్నో కార్లున్నాయి గానీ నాకు గుర్తున్నది ఒక్కటే. నాస్కార్‌లో అన్నిటికన్నా పేరున్న రేసు డేటోనా 500, దాంట్లో 1998లో ఆయన తోలిన కారు. ఏమి గెలిచినా ఆ రేసు మాత్రం ఆయనకు పందొమ్మిదిసార్లు అందలేదు. ఇరవయ్యోసారి రేసుకు ముందు చక్రాల కుర్చీలో ఉన్న ఒక చిన్నపిల్ల ఆయన చేతిలో ఒక పెన్నీ పెట్టింది. ఆయన దాన్ని డ్యాష్‌బోర్డు మీద జిగురుతో అంటించాడు. గెలిచాడు. పెన్నీ ఇంకా అక్కడే ఉంది. అమ్మకు దీనికి అనువాదం అక్కర్లేకపోయింది. "మొక్కుబడి" అని, మెడలో గొలుసు సర్దుకుంది.

లెవెల్ క్రాస్ అనే ఊళ్ళో, రేసుల కుటుంబమైన పెట్టీల ఇల్లు, మ్యూజియం త్వరగా దాటేశాం. పిల్లలకు ఆకలి. 200 రేసులు గెలిచిన రిచర్డ్ పెట్టీ నీలం 43 నంబరు కారు ముందు మా ఆయన ఒక్కడే అరగంట నిలబడ్డాడు. వాళ్ళది ప్రకాశం జిల్లా. తాతగారు బండలాగుడు పందేలకు ఒంగోలు గిత్తల్ని పెంచి రెండెకరాలు పోగొట్టుకున్నాడు. "మా తాత గిత్తల చుట్టూ ఇలాగే తిరిగేవాడు, డెక్కలు చూసుకుంటూ" అన్నాడు. ఈ నాలుగు రోజుల్లో మా ఆయన తన ఊరి గురించి మాట్లాడిన మాట అదొక్కటే. అదే చాలా ఎక్కువ.

ఆగని చోటు

ఇక్కడిదాకా చదివి, బాగానే ఉందే, అందరూ మంచివాళ్ళే అనుకుంటే నేను మోసం చేసినట్టు. మధ్యలో ఒకచోట చిన్నది బాత్రూం అంది. ముందు ఒక పెట్రోలు బంకు. దాని పక్క ఇంటి వాకిట్లో, బానిసత్వం నిలవాలని పోరిన పాత దక్షిణాది జెండా, ఎర్రటి గుడ్డ మీద నీలి అడ్డగీతలది. మా ఆయన వేగం తగ్గించి, "ఆగుదామా, పోదామా?" అన్నాడు. నేను "పో" అన్నాను. ఇంకో పన్నెండు మైళ్ళు చిన్నది ఏడుస్తూనే ఉంది. ఎందుకు ఆగలేదని అమ్మ అడిగింది. చెప్పడానికి ప్రయత్నించి సగంలో వదిలేశాను. ఆగి ఉంటే ఏమీ అయ్యేది కాదేమో. బంకువాడు బాత్రూం తాళంచెవి ఇచ్చి, పిల్లకు లాలీపాప్ కూడా ఇచ్చేవాడేమో. మేం ఆగలేదు, అంతే. నాస్కార్ ఆ జెండాను తన ట్రాకుల్లో నిషేధించింది 2020 జూన్‌లో. మేం ఇక్కడికి వచ్చిన మొదటి ఏళ్ళలో స్పీడ్‌వే పక్క క్యాంపు మైదానంలో అవి ఎగరడం కారులోంచి చూశాం. మా "మనకెందుకు"లో వాసన గొడవ సగమన్నాను గదా. మిగతా సగం ఇది. దాన్ని ఎవరూ తీసిపారెయ్యకూడదు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో వెండెల్ స్కాట్ గురించి చదివినప్పుడు మావాడు అడిగిన ప్రశ్న కారులో మళ్ళీ అడిగాడు. స్కాట్ వర్జీనియాలోని డాన్విల్‌కు చెందిన నల్లజాతి డ్రైవరు. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో అందరికన్నా ముందు వచ్చాడు, అదీ రెండు రౌండ్ల తేడాతో. గెలిచింది బక్ బేకర్ అని ప్రకటించి ట్రోఫీ ఆయన చేతికిచ్చారు. జనం వెళ్ళిపోయాక లెక్క సరిచూసి, గెలిచింది స్కాట్ అన్నారు. ఆ గెలుపుకు నాస్కార్ స్కాట్ కుటుంబం చేతికి ట్రోఫీ ఇచ్చింది 2021లో, ఆయన పోయిన ముప్పై ఏళ్ళకు. "లెక్క తప్పిందా, తప్పించారా?" అన్నది మావాడి ప్రశ్న. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను. వాడు జవాబు చెప్పకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

స్కాట్ కూడా సారా తోలినవాడే. ఒకే పని చేసి వచ్చిన ఇద్దరిలో ఒకరికి క్షమాభిక్ష వైట్‌హౌస్ నుంచి వచ్చింది. ఇంకొకరికి, గెలిచిన ట్రోఫీ కూడా రాలేదు.

ఆ రాత్రి మోటెల్లో ఆవకాయ అన్నం తింటూ నాకు తేలిన సంగతి ఇది. బయల్దేరేటప్పుడు నా అభిప్రాయం తేలికైనది: ఇరుగుపొరుగు మనసు పెట్టుకున్న చోటు చూడాలి, గౌరవించాలి. ఇప్పుడు "గౌరవించాలి" అన్న మాట నాకు చప్పగా ఉంది. మేమంతా ఫోటోలు తీసుకుంటూ "బాగుంది, బాగుంది" అనుకుంటూ తిరిగాం. ఆ హాలును మాలో అందరికన్నా గట్టిగా పట్టించుకున్నది, దాంతో తగవు పెట్టుకున్న మా అమ్మే. టూరిస్టుకి తగవు ఉండదు, వాడు రేపు వెళ్ళిపోతాడు. పెళ్ళిలో అలిగే హక్కు చుట్టానికే ఉంటుంది. బట్టీ గురించి, సీసం గురించి, జెండా గురించి, ట్రోఫీ గురించి మాట్లాడాలంటే ముందు వెళ్ళి చూసి ఉండాలి. చూడకుండా పాట్‌లక్‌లో నవ్వడం తగవు కాదు, వెక్కిరింత.

మా ఆయన దీనికి ఒప్పుకోలేదు. "ఆరు నెలలకు వచ్చిన అత్తయ్య నోటికొచ్చింది అనొచ్చు. మనం ఇక్కడ గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాం. మనకు తగవు హక్కు ఎవరిచ్చారు?" అన్నాడు. అదీ నిజమే. దాన్ని ఇంకా తేల్చుకోలేదు.

తిరనాళ్ళు లేని ఊరు

మూడోరోజు నార్త్ విల్క్స్‌బరో. జూనియర్ జాన్సన్ ఇలాకా. 1947 నాటి ట్రాక్, మైలులో ఐదు ఎనిమిదో వంతులు. విచిత్రమేమిటంటే ముందువైపు దిగుడు, వెనకవైపు ఎక్కుడు. సమంగా చదును చెయ్యడానికి అప్పట్లో డబ్బు చాలలేదట. 1996లో ట్రాక్ చేతులు మారింది. కొన్నవాళ్ళు దీని రేసు తేదీల్ని టెక్సస్‌కూ న్యూ హాంప్‌షైర్‌కూ పట్టుకుపోయారు. తేదీలు పోతే ట్రాక్ ఒట్టి బీడు. మధ్యలో కొద్దికాలం తప్ప పాతికేళ్ళు అలాగే కలుపు మొలిచి పడి ఉంది. 2019లో డేల్ కొడుకు మనుషుల్ని తీసుకొచ్చి, కంప్యూటర్ ఆటలో ఈ ట్రాక్ కొలతలైనా మిగలాలని కలుపు పీకించాడు. 2021లో కోవిడ్ సాయం నిధుల్లోంచి రాష్ట్రం దీనికి 18 మిలియన్ డాలర్లు ఇచ్చింది. 2023 మేలో ఆల్ స్టార్ రేసు ఇక్కడే జరిగింది.

గేటు దగ్గర మనిషి కాసేపు లోపలికి పోనిచ్చాడు. బాగుచేసినా గోడల మీద పాత రంగుల్ని, వెలిసిన అక్షరాల్ని అలాగే ఉంచారు. నాకు కోపం వచ్చింది. కోవిడ్ డబ్బు రేసు ట్రాక్‌కా? ఆ కౌంటీలో ఆసుపత్రులు లేవా, బళ్ళు లేవా? అమ్మ నా వైపే ఉంటుందనుకున్నాను. సారా కొండల నడుమ సారా తోలినవాళ్ళ ట్రాక్ గదా.

"పాతికేళ్ళు తిరనాళ్ళు ఆగిపోయిందా?" అంది.

"ట్రాకమ్మా, తిరనాళ్ళు కాదు."

"ఏదో ఒకటి. మనూర్లో కరువొచ్చి ఒక్కేడు తిరనాళ్ళు ఆగితే ఎట్లుండింది? బొమ్మలోడు రాలా, గాజులోడు రాలా, ఆడపిల్లలు పుట్టిళ్ళకు రాలా. ఇచ్చినారు, మంచిదే."

బట్టీ దగ్గర కస్సుమన్న మనిషి ఇక్కడ ప్రభుత్వం వైపు చేరిపోయింది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. బయటికొచ్చాక ఒక చిన్న హోటల్లో పై (pie) తిన్నాం. వడ్డించినామె, రేసు జరిగిన వారం తమ ఊళ్ళో పార్కింగుకు కూడా చోటు దొరకలేదని చెప్పింది. ఫిర్యాదులా మొదలుపెట్టి గర్వంలా ముగించింది. అమ్మ నావైపు చూసి కనుబొమ్మలెగరేసింది.

అడవిలో ట్రాక్

డార్లింగ్టన్ ఎగ్గొట్టాం, టైం చాల్లేదు. అది కాస్త బాధే. పక్కాయన చేపల చెరువు కదపొద్దన్నాడని 1950లో ఆ ట్రాక్‌ను ఒకవైపు సన్నగా, కోడిగుడ్డులా కట్టారు. ఇప్పటికీ అలాగే ఉంది. ఒక చెరువుగట్టు ఇన్నేళ్ళు డ్రైవర్లను ఏడిపిస్తోందంటే చూడాలనే ఉంది.

దాని బదులు హిల్స్‌బరో వెళ్ళాం. క్యారీ, మోరిస్‌విల్ తెలుగువాళ్ళకు అరగంట దూరం, నాకు తెలిసి ఒక్కరూ వెళ్ళలేదు. ఒకనీచీ స్పీడ్‌వే. మైలుకు కాస్త తక్కువ మట్టి ట్రాక్. 1949లో నాస్కార్ మొదటి సీజను రేసులు జరిగిన మట్టి ట్రాకుల్లో మిగిలింది ఇదొక్కటే. మిగలడమంటే, చెట్ల రూపంలో. 1968 సెప్టెంబరులో ఆఖరి రేసు, గెలిచింది రిచర్డ్ పెట్టీ. ఆ తర్వాత అడవి వచ్చేసింది. ఇప్పుడు కార్లు పోయిన దారినే మనుషులు నడుస్తారు. మలుపుల దగ్గర నేల ఇంకా వంగే ఉంది, ఆ వంపు మీద దేవదారులు నిటారుగా లేచాయి. పక్కనే ఈనో నది. ఒక గట్టు మీద ప్రేక్షకులు కూర్చున్న సిమెంటు మెట్లు, ఆకుల కింద.

టికెట్టు లేదు, దీపాలు లేవు, అమ్మడానికి టోపీలు లేవు. మా పిల్లలు నాలుగు రోజుల్లో మొదటిసారి పరిగెత్తారు. ట్రాక్ మొత్తం ఒక చుట్టు, "బ్రూమ్" అంటూ. అమ్మ మెట్ల మీద కూర్చుంది. ఒక పెద్దాయన కుక్కతో నడుస్తూ వచ్చి, మా చీరల మనిషిని చూసి ఆగి పలకరించాడు. ఈ ఊరివాడే. చిన్నప్పుడు ఇక్కడ రేసులు చూశారా అని అడిగాను. చూడలేదు, విన్నాను అన్నాడు. ఆదివారం చర్చిలో పాట మధ్య ఇంజన్ల మోత వచ్చేదట. తన చెవి ఎప్పుడూ పాట మీద ఉండేది కాదట.

ఈ ట్రాక్ ఎందుకు మూతబడిందో నేను చదివే వెళ్ళాను. ఆదివారం రేసులు వద్దని ఊరి పాస్టర్లు ఏళ్ళ తరబడి పోరారు. చివరికి నాస్కార్ ఇక్కణ్ణుంచి లేచి అలబామాలోని టల్లడేగాకు వెళ్ళిపోయింది. అది అమ్మకు చెప్పాను. అమ్మ నిటారుగా కూర్చుంది.

"వాళ్ళమ్మ ఎటువైపు ఉండిందో అడుగు."

అడిగాను. ఆయన నవ్వాడు. "మా అమ్మ ఆపాలనే పక్షం" అన్నాడు. రేసుల రోజు తాగొచ్చేవాళ్ళంటే ఆమెకు పడేది కాదట. ఆపమని సంతకాలు పెట్టించడానికి ఇల్లిల్లూ తిరిగిందట, తననూ చెయ్యి పట్టుకుని తిప్పిందట. రేసులు ఆగిపోయినప్పుడు ఆమె మీద తనకు కోపం చాలాకాలం పోలేదన్నాడు. ఆమె లేదిప్పుడు.

నేను అనువదిస్తున్నంతసేపూ అమ్మ ఆయన మొహమే చూసింది. తర్వాత ఆమె పేరేమిటో అడగమంది. ఆయన చెప్పాడు. బైబిల్లో పేరు. మా వైపు ఆ పేరుకు చివర అమ్మ చేర్చి పిలుస్తారు. మా వీధిలో ఒకావిడకు అదే పేరు ఉండేది, రాత్రిబడిలో మొదటి వరసలో కూర్చునేది. "వేలంపాట రోజు నా పక్కన కూర్చున్నది ఆమేనని చెప్పు" అంది అమ్మ. చెప్పాను. ఆయన కుక్క తాడు వదులు చేసి, ఆకులు తుడిచి, ఒక మెట్టు ఎడంగా కూర్చున్నాడు.